బంగార్రాజు ఔరత్

పంతొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, మే నెల. హిందీ ప్రాంతంలోని నందిని సున్నపురాయి గని దగ్గర కంట్రాక్టర్ ఆఫీసు కిటికీ ముందు రాళ్లు కొట్టే ఆడవాళ్లు పొద్దుటి నుంచీ ఎండలో నిలబడి ఉన్నారు. పాతవాళ్లలో పదిమందిని పర్మనెంటు చేస్తారని కబురొచ్చింది. లోపల గుమాస్తా మురళీధర్ జాబితా చదువుతున్నాడు.

"బంగార్రాజు ఔరత్."

ఇద్దరు ముందుకొచ్చారు.

ఒకామె జోగమ్మ. బొబ్బిలి వైపు నుంచి మొగుడి వెంట వచ్చి పన్నెండేళ్లుగా ఇక్కడే రాళ్లు కొడుతోంది. పనిలో చేరిన రోజున ఆమె పేరు ఎవరూ అడగలేదు. ఫలానావాడి ఔరత్, అంటే పెళ్లామని రాసుకుని పంపించేశారు. రెండో ఆమె ఛాయ. మూడేళ్ల కిందట బంగార్రాజు జోగమ్మనూ ఇద్దరు ఆడపిల్లల్నీ వదిలేసి ఛాయతో కాపురం పెట్టాడు. ఛాయ పనిలో చేరినప్పుడూ గుమాస్తా అదే మాట రాశాడు.

ఆ పేరు మీద ఉన్నది ఒక్క ఉద్యోగమే. మురళీధర్ విసుక్కున్నాడు. బంగార్రాజు ఎవరిని తన భార్య అంటే ఆమెకే ఇస్తానని చెప్పి, లారీల దగ్గరున్న అతన్ని పిలవమని మనిషిని పంపాడు.

జోగమ్మ ఒకచోట నిలవలేకపోయింది. వరుసలోంచి బయటికి పోయి, మళ్లీ వచ్చింది. అతను ఏం చెబుతాడో అందరికీ తెలుసు. రాయి పడి తన వేలు నలిగిననాడు ఆసుపత్రి చీటీ మీదా బంగార్రాజు ఔరత్ అనే రాశారు. అప్పుడు నొప్పిలో పట్టించుకోలేదు.

బంగార్రాజు వచ్చాడు. ఇద్దరి వైపూ చూడలేదు. మురళీధర్ నోరు తెరవబోతుండగా జోగమ్మ కిటికీకి అడ్డంగా నిలబడింది.

"ఆడ్నేటి అడుగుతారు బాబూ? పన్నెండేళ్లు రాళ్లు కొట్టింది నాను. నా పేరు జోగమ్మ. అది రాయండి."

పుస్తకంలో ఆ పేరు లేదన్నాడు మురళీధర్. పక్కకు జరగమన్నాడు. ఆమె జరగలేదు. ఇంటికి పొమ్మని బంగార్రాజు గొణిగాడు. 

ఛాయ జోగమ్మ పక్కకు వచ్చి మెల్లగా అంది.

"భయ్యా, నా పేరు ఛాయ. నాదీ అలాగే రాయండి."

 మురళీధర్ ఆ పేరు వదిలేసి జాబితాలో తర్వాతి పేరుకు పోయాడు.

"అప్పలసూరి ఔరత్."

అప్పలసూరి పెళ్లాం వరుసలోనే ఉంది, కానీ ఎవరూ కదల్లేదు. అతను గొంతు పెంచి మళ్లీ పిలిచాడు.