ముందుగదిలో అద్దెకున్న మనిషి

నికనోర్ చొక్కా కాలరు మీద నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించాడు. లాస్ ఏంజెలిస్‌లోని లాండ్రీలో పగలంతా అతను చేసే పని ఇదే. ఇంట్లో మాత్రం పొద్దున్నే ఎలాదియో చొక్కా ఒక్కటి. అతని చేతుల మీద మోచేతుల దాకా ఆవిరి కాల్చిన మచ్చలు, కొన్ని నల్లగా, పాతవి తెల్లబడి.

ఎలాదియో తల్లి డోన్యా ఫ్లోరిందా మెక్సికో నుంచి వచ్చిన రోజే నికనోర్ పడక ముందుగదిలోని సోఫా మీదికి మారింది. ఏళ్ళ తరబడి తన పక్కన పడుకున్న నికనోర్‌ని, ఎలాదియో తన తల్లికి "అద్దెకుంటాడు" అని చెప్పాడు. ఈ సాయంత్రం ఆవిడ తిరిగి వెళ్ళిపోతోంది. ఈలోగా ఒక్కసారైనా ఆవిడ తనను ఇంటిమనిషిగా చూడాలని నికనోర్ ఆశ.

"అద్దెబ్బాయ్! అది మావాడి చొక్కా కదూ?" ఆవిడ కాఫీ ముంతతో వంటగది గుమ్మంలో నిలబడింది.

"అవును పెద్దమ్మా."

"అద్దె కట్టి, పైగా చాకిరీ కూడానా? మావాడు మంచి బేరమే కుదుర్చుకున్నాడు."

నికనోర్ నవ్వాడు. ఆవిడ నవ్వలేదు.

"మా ఊళ్ళో చానో అని ఒకడున్నాడు. పావడా కట్టి, పూలు ముడిచి పండగల్లో ఆడతాడు. ఎవరూ పల్లెత్తు మాటనరు. అలాంటి కొడుకు తల్లిని వదిలిపోడని, అదృష్టమంటారు కూడా. మరి మావాణ్ణి ఎవరేమన్నారని ఎడారి దాటొచ్చాడు?"

నికనోర్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టాడు.

"చానో రాత్రిపూట ఎవరితో కూర్చుని తింటాడు పెద్దమ్మా?"

"వాళ్ళమ్మతో."

"ఆవిడ పోయాక?"

ఆవిడ ముంత అంచును వేలితో తుడిచింది. "నోరుందే నీకు!" అని లోపలికి వెళ్ళింది.

లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే లూపె అతని మొహం చూసి, "ఏం అబ్బీ, అత్తగారు వెళ్ళిపోతోందని దిగులా?" అంది.

"అత్తగారైతే కదా, దిగులు పడడానికి."

సాయంత్రం అతను ఇల్లు చేరేసరికి ఎలాదియో పెట్టె కారులో పెడుతున్నాడు. ఆవిడ నల్ల శాలువా కప్పుకుని గుమ్మంలో ఉంది.

"పొద్దున తప్పుగా మాట్లాడి ఉంటే..." అన్నాడు నికనోర్.

ఆవిడ అతని చేతి మచ్చల వంక చూసింది. మడిచి ఉన్న చొక్కా చేతిని కిందికి లాగి, ముంజేతి దగ్గర బొత్తాం పెట్టింది. తర్వాత రెయిలింగు పట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కారు మలుపు తిరిగాక నికనోర్ లోపలికి వచ్చాడు. సోఫా మీద ఒక మూట విప్పి ఉంది. అందులో తెల్లటి వల ఉయ్యాల, ఇద్దరికి సరిపడా వెడల్పున, మెక్సికోలో తమ వైపు కొత్తజంటల కోసం నేసేది. దాన్ని చుట్టిన గుడ్డ మీద, ఆవిడ వచ్చిన రోజు బస్సువాళ్ళు అంటించిన సామాను చీటీ ఇంకా ఊడలేదు.