యాభై రెండు కిలోలు

రోజూ పొద్దున్నే షెడ్డు తలుపులు తీయగానే మామ్లే చేసే మొదటి పని కందిరీగల్ని తిట్టడం. విమానం రెక్క కింద గాలివేగం కొలిచే సన్న గొట్టం ఒకటుంటుంది. దాని మూతికి తొడుగు వేయడం ఒక్క పూట మరిచిపోతే చాలు, తెల్లారేసరికి అందులో మట్టిగూడు కట్టేస్తాయి. ఆ తిట్లయ్యాక ఇంజను మీద గుడ్డ తీసి దులుపుతుంది. కింద నూనె చుక్క పడిందేమోనని నేల తడిమి చూస్తుంది. అప్పుడు గానీ టీ తాగదు.

ఘానాలో వోల్టా నది ఒడ్డున, అకూసే ఊరు దాటాక ఉన్న ఆ రేకుల షెడ్డులో మేస్త్రీ నార్తే తొమ్మిదేళ్ళలో నాలుగు విమానాలు కట్టాడు. రెండేసి సీట్లవి. ప్లాను కాగితాలు తెప్పించుకుని, అల్యూమినియం రేకు కత్తిరించి, ఒక్కో రివెట్టూ చేత్తో కొట్టి కట్టినవి. నాలుగూ నాలుగు చోట్ల ఎగురుతున్నాయి. ఇప్పుడు ఐదోది పూర్తయింది. అన్నిట్లోనూ తోక లోపలి పని మాత్రం మామ్లేదే. ఎందుకంటే మామ్లేకి బరువు లేదు.

పుట్టినప్పుడే లేదు. నర్సు గుడ్డ ఉయ్యాల్లో వేసి తూచితే ముల్లు కదల్లేదు. కాటా చెడిందేమోనని నర్సు తన చెప్పు వేసి చూసింది, చెప్పు సరిగ్గానే తూగింది. పిల్ల కేరుమంటోంది, పాలు తాగుతోంది, ఇంకేం కావాలి అనుకుని కార్డు మీద సున్నా రాసి పంపించేసింది. ఇప్పుడు మామ్లేకి ముప్ఫై ఏళ్ళు. పూటకి రెండు మొక్కజొన్నపిండి బంకూ ముద్దలు, చేప తలకాయతో సహా లాగిస్తుంది. ట్రోట్రో వ్యానులో కండక్టరు ఆమెని ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోబెట్టి సీటు ఇంకొకరికి ఇచ్చేస్తాడు. హర్మటాన్ గాలులు వీచే నెలల్లో రోడ్డు దాటాలంటే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకుంటుంది. అంతే. కొందరికి మెల్లకన్ను ఉంటుంది, కొందరికి ఎడమచేతివాటం ఉంటుంది, ఆమెకి ఇది.

తోక లోపల రేకు బాగా పల్చన. మామూలు మనిషి మోకాలు పెడితే సొట్ట పడుతుంది. మామ్లే పిల్లిలా దూరి చివరిదాకా పోతుంది. పైలటు స్టిక్ లాగితే తోకరెక్కని ఆడించే పొడుగు కడ్డీ అక్కడే ఉంటుంది. దాని బోల్టు ఊడిందంటే స్టిక్ చేతిలో ఉండి కూడా లేనట్టే. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నారు. పానా టక్కుమనేదాకా నట్టు బిగించాలి. బిగించాక నట్టు మీంచి బోల్టు మీదికి ఎర్ర గోళ్ళరంగుతో గీత పెట్టాలి. నట్టు వదులైతే గీత విరుగుతుంది. బిగించినవాళ్ళు పుస్తకంలో సంతకం చెయ్యాలి. రెండో మనిషి తన పానా కూడా పెట్టి చూసి పక్కన సంతకం చెయ్యాలి.

ఆ రెండో సంతకం నార్తేది. తోక కింద చిన్న మూత తీసి, టార్చి వేసి, ఎర్ర గీత కనబడగానే సంతకం పెట్టేసేవాడు.

"పానా పెట్టవేం నార్తే?" అని ఒకసారి ఆంటీ జిఫా అడిగింది. ఆవిడ బళ్ళో లెక్కలు చెప్పి రిటైరై, ఇక్కడ షెడ్డు పనుల లెక్కా పత్రం రాస్తోంది.

"కాటా మీద సున్నా వచ్చే మనిషి ఆంటీ! ఆమెలో అబద్ధం ఎక్కడ దాక్కుంటుంది?"

జిఫాకి కూడా ఆ మాట నిజమే అనిపించింది.

మామ్లేకి ఉన్నది ఒక్కటే కోరిక, విమానం ఒంటరిగా నడపాలని. నార్తే పక్కన కూర్చుని రెండొందల గంటలు నడిపింది. ఒంటరిగా నడపాలంటే డాక్టరు కాగితం కావాలి. అక్రాలో ఉన్న డాక్టరేమో ఫారం తిప్పి తిప్పి పంపుతున్నాడు. బరువు గడిలో సున్నా ఉంటే బతికున్న మనిషని కంప్యూటరు ఒప్పుకోదట. ఇసక బస్తా నడుముకి కట్టుకుని వస్తానంది. అయితే లైసెన్సు బస్తా పేరు మీద ఇస్తాం అన్నారు.

ఆ మంగళవారం పొద్దున వ్యానులో ఎప్పట్లాగే చేపలమ్మే ఆవిడ ఒళ్ళో కూర్చుంది. ఆవిడ కెవ్వుమంది.

"అమ్మో నా తొడలు! లే, లే! ఎవత్తివే నువ్వు, మామ్లేవి కాదూ?"

వ్యానులో అందరూ ఇటు తిరిగారు. మామ్లే దిగ్గున లేచింది. చెప్పులు పాదాలకి ఒరుసుకుంటున్నాయి, వ్యాను దిగితే మడమలు ఇసకలో దిగబడుతున్నాయి. తిన్నగా షెడ్డులోకి పరిగెత్తింది. విమానం తూచడానికి మొక్కజొన్నల వ్యాపారి దగ్గర తెచ్చిపెట్టిన కాటాలు మూడున్నాయి. ఒకదాని మీద ఎక్కి నిలబడింది.

యాభై రెండు.

నార్తే నోరు తెరిచినవాడు మూయలేదు. జిఫా కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. పక్క కాటా ఎక్కించింది, మూడోది ఎక్కించింది. అన్నీ యాభై రెండే అన్నాయి.

"పిల్లా! ఇంక ఆ డాక్టరు ఏమంటాడో చూస్తా!" అని నార్తే ఒక్క గెంతు గెంతి ఫోను తీశాడు. గురువారం పది గంటలకి రమ్మన్నారు. "రేపు తూకం వేసేసి మూడింటికి నేను ఎగరేస్తా. గురువారం నీ కాగితం. శుక్రవారం ఈ విమానం నీది!"

మామ్లే నవ్వింది, ఏడ్చింది, జిఫాని పట్టుకుని గిరగిరా తిప్పింది. మధ్యాహ్నం మాత్రం బంకూ ముద్ద నోటిదాకా తెచ్చి ఆగిపోయింది. ఈ బరువు ఎప్పుడొచ్చిందా అని వెనక్కి లెక్కపెట్టుకుంటే గుర్తొచ్చింది. నిన్న సాయంత్రం పుస్తకంలో సంతకం చేస్తుంటే తన కింద పీట కిర్రుమంది. ముప్ఫై ఏళ్ళలో ఏ పీటా ఆమె కింద కిర్రుమనలేదు.

నిన్న తోక లోపల రేకు పెనంలా కాలుతోంది. పానా నార్తే దగ్గరుంది. అతను అందించేలోపు ఊరికే ఉండటం దేనికని ముందే ఎర్ర గీత పెట్టేసింది. అంతలో ఫోను మోగింది. ఫారం మూడోసారీ తిప్పి పంపుతున్నామని ఆ ఫోను. బయటికొచ్చి, గోడ వెనక కూర్చుని ఏడ్చి, మొహం కడుక్కుంది. సాయంత్రం జిఫా పుస్తకం ముందు పెడితే కలం ఆ గడి దగ్గర ఆగింది. బిగించలేదని మామ్లేకి తెలుసు. ఆ కొలిమిలోకి మళ్ళీ దూరే ఓపిక లేదు. రేపు బిగిస్తే ఏం పోయింది అనుకుని సంతకం పెట్టింది. కాసేపటికి నార్తే టార్చి వేసి, గీత చూసి, తనూ పెట్టేశాడు.

ముద్ద వదిలేసి, పానా తీసుకుని, ఎవరూ చూడకుండా తోకలోకి మోకాలు పెట్టింది. రేకు ఠప్పుమని లోపలికి వంగింది. గభాలున వెనక్కొచ్చేసింది. యాభై రెండు కిలోల మనిషికి ఆ దారి మూసుకుపోయింది. కింద మూతలోంచి ఆ బోల్టు అందుకోవాలంటే నార్తేకున్నంత పొడుగు చెయ్యి కావాలి. అంటే నార్తేకి చెప్పాలి. తప్పుడు సంతకంతో వచ్చిన బరువు, నిజం చెబితే ఆ మాటతోనే పోతుంది. ఆ సంగతి ఆమెకి ఎవరూ చెప్పక్కర్లేదు. గురువారం పది గంటలు ఎలాగోలా దాటితే బాగుండునని ఆమె దేవుణ్ణి అడిగింది. అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మేస్త్రీ, మొదటిసారి ఎగరడం శుక్రవారం పెట్టుకుంటే?" అంది, టీ అందిస్తూ.

"దేనికి?"

"గాలి బాలేదు."

"గాలెక్కడుంది? ఆకు కదలట్లేదు. సంతోషంతో నీకు మతి పోయినట్టుంది!"

మామ్లే ఖాళీ గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయింది.

బుధవారం తూకం. గాలి తగిలితే రెక్కలు లేచి తూకం తప్పుతుందని తలుపులన్నీ మూశారు. ముక్కు చక్రం కింద ఒక కాటా, ఎడమ చక్రం కింద ఒకటి, కుడి చక్రం కింద ఒకటి పెట్టారు. ముందు ఖాళీ విమానం తూచారు. తర్వాత ఎడమ సీట్లో మామ్లే, కుడి సీట్లో నార్తే కూర్చున్నారు. జిఫా కాటాల మధ్య తిరుగుతూ అంకెలు పైకి చదివి పుస్తకంలోకి ఎక్కించింది. నార్తే ఎనభై ఒకటి, మామ్లే యాభై రెండు. మొత్తం సరిపోయింది.

"ఇక పెట్రోలు పోయించండి ఆంటీ," అని నార్తే అలవాటుగా స్టిక్ ముందుకి తోసి వెనక్కి లాగాడు. వెనక తోకలో టిక్కుమని చిన్న చప్పుడైంది. అతనికి వినబడలేదు. మామ్లేకి వినబడింది.

"ఎగరకండి మేస్త్రీ."

"ఏం?"

"తోకలో కడ్డీ బోల్టు నేను బిగించలేదు. గీత పెట్టాను. సంతకం పెట్టాను. బిగించలేదని తెలిసే పెట్టాను."

నార్తే నవ్వేశాడు. "నువ్వా? పోవే!"

"కదలకండి ఇద్దరూ!" జిఫా కేక పెట్టింది. ఎడమ కాటా ముల్లు కిందికి జారుతోంది. అది ఆగకుండానే కుడి ముల్లు పైకి లేస్తోంది. నార్తే కింద సీటు మూలిగింది. ముక్కు కాటా మాత్రం ఉన్నచోటే ఉంది. ముళ్ళు రెండూ నిలబడ్డాక జిఫా కూడింది. మళ్ళీ కూడింది.

"మొత్తం మారలేదు నార్తే," అంది. "ఆమెవి యాభై రెండూ నీ మీదికొచ్చాయి."

నార్తే తన చేతుల వంక చూసుకున్నాడు.

"నేను పానా పెట్టలేదు," అన్నాడు. "తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా పెట్టలేదు."

సీటు మోయగలిగేది నూట పది కిలోలని ప్లాను కాగితం మీదే ఉంది. అతనిప్పుడు నూట ముప్ఫై మూడు. ఎగరాలన్నా ఎగరలేడు. దిగుతుంటే మెట్టు వంగింది. ఎవరి మాటా వినిపించుకోకుండా తోక కింద వెల్లకిలా పడుకుని, మూత తీసి, భుజందాకా చెయ్యి లోపలికి పెట్టాడు. పానా అడుగుతాడేమోనని మామ్లే అందించబోయింది. అతనికి పానా అక్కర్లేకపోయింది. నట్టు వట్టి వేళ్ళకే తిరిగి, ఎర్ర గీత విరిగి, ఊడి అరచేతిలో పడింది. దాన్ని చూస్తూ నార్తే అలా నేలమీదే ఉండిపోయాడు. జిఫా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మామ్లేకి ఎంత రాయను?" అని పుస్తకం తెరిచి అడిగింది.

"సున్నా రాయండి," అంది మామ్లే. ఆ మాట అన్నాక సిగ్గు లేకుండా, పిల్లలు ఏడ్చినట్టు ఏడ్చింది. శుక్రవారం పోయింది. ఆకాశంలో ఒంటరిగా ఉండే ఆ ఒక్క గంట పోయింది. ఆమెకి తెలిసి, ఇక రాదు. డాక్టరుకి ఫోను చేసి రావట్లేదని తనే చెప్పింది.

నార్తే మిగతా నాలుగు విమానాల వాళ్ళకీ ఫోన్లు చేశాడు. తను ప్రతి బోల్టూ చూసేదాకా విమానం కదిపితే ఒట్టేనన్నాడు. ఎందుకని అడిగినవాళ్ళకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఒకాయన బూతులు తిట్టాడు. నార్తే పడ్డాడు.

గురువారం పొద్దున వాళ్ళు అన్నిటికంటే ముందు కట్టిన విమానం, వరి రైతుది, రెక్కలు విప్పి లారీ మీద వచ్చింది. పది గంటలకి మామ్లే దాని తోక లోపల లాంతరు పట్టుకుని పడుకుని ఉంది. రేకు చిన్న చప్పుడు కూడా చేయలేదు. కింద మూతలోంచి నార్తే చెయ్యి పైకొచ్చింది. చేతిలో పానా ఉంది. ఎన్నో ఏళ్ళ నాటి ఎర్ర గీత ఇంకా చెక్కు చెదరలేదు.

"అది గట్టిగానే ఉంది మేస్త్రీ," అంది మామ్లే. "నాకు బాగా గుర్తు, దాన్ని..."

"నువ్వు చెప్పకు," అన్నాడు నార్తే కిందనుంచి. "నన్ను చూడనీ."