ఆగడం రాని పెట్టె

మా అన్నయ్య కొన్న డ్రమ్ మెషీన్ తలపుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. చూడ్డానికి లావుపాటి పుస్తకమంత ఉంటుంది. పైన రబ్బరు మీటలు, పక్కన తిప్పే నాబ్‌లు. డ్రమ్స్ వాయించడం తప్ప దానికి ఇంకో పని రాదు. ఆ పని మా బ్యాండులో నేను చేసేవాణ్ణి. దాని ఖరీదుకి ఒక పాత వ్యాన్ వచ్చేది. అన్నయ్య మాత్రం దాన్ని కళ్ళజోడు గుడ్డతో తుడిచి, వచ్చినవాళ్ళకల్లా కొత్త అల్లుణ్ణి చూపించినట్టు చూపించేవాడు. నేను దానికి దొరగారని పేరు పెట్టాను.

దొరగారు దిగడానికి కారణం నేనేనట. రెండో చరణంలో తాళం సాగదీస్తానని అన్నయ్య నన్ను ఏడాదిగా పీక్కుతిన్నాడు. టైర్ల షాపు మీదున్న మా రిహార్సల్ గదిలో, అందరి ముందూ, వేలు చూపించి మరీ.

సాగదీసిన మాట నిజమే. బ్యాండులో పాడేది మా వదిన. ఊపిరితిత్తులకి జబ్బు చేసి లేచాక ఆమెకి పొడుగు వరసలు ఒక్క ఊపిరిలో అందడం లేదు. భుజం కొంచెం పైకి లేస్తే గాలి చాలలేదన్నమాట. నేను కర్రని గాల్లో ఒక్క క్షణం ఆపేవాణ్ణి, ఆమె ఊపిరి తీసుకునేది. మీ అన్నయ్యకి చెప్పకు, తెలిస్తే ఇంకో గొంతుని తెచ్చుకుంటాడు అని ఒకసారి మెట్ల మీద నన్ను బతిమాలింది. తెచ్చుకుంటాడు కూడా. నోరు విప్పితే నా కుర్చీ నాకు దక్కేది, ఆమె మైకు పోయేది. అందుకే తిట్లన్నీ దిగమింగాను.

దొరగారి మొదటి కచేరీ ఒక హోటల్ హాల్లో. నా డ్రమ్స్ గదిలోనే ఉండిపోయాయి. దొరగారి పెట్టె మోసి, వైర్లు తగిలించడం నా ఉద్యోగం. అన్నయ్య ఒక నాబ్ చూపించి, ఇది తిప్పితే అచ్చం మనిషి వాయించినట్టు అక్కడక్కడా తడబడుతుందని మురిసిపోయాడు. తడబడ్డానని నన్ను దింపేసి, తడబాటుని డబ్బు పోసి కొనుక్కొచ్చాడు మహానుభావుడు.

రెండో చరణంలో వదిన భుజం లేచింది. దొరగారు ఆగలేదు. పాట మధ్యలో తెగింది. అన్నయ్య కంగారుగా నాబ్ తిప్పాడు, అది అక్కర్లేని చోటల్లా తడబడింది. అబద్ధమెందుకు, వాడి మొహం చూసి నా కడుపు చల్లబడింది. అంతలో వదిన చూసింది, వాడివైపు కాదు, నావైపు. వైరు పీకేశాను. దొరగారు వచ్చిన ఖాళీ పెట్టెని ఒళ్ళో పెట్టుకుని అరచేతులతో వాయించాను. భుజం లేచినప్పుడల్లా ఆగాను. ఆమె పాట పూర్తి చేసింది.

స్టేజీ వెనక అన్నయ్య మొదటి మాట, మళ్ళీ అక్కడే సాగదీశావని. తర్వాత కొంచెం దిగొచ్చాడు.

"సరే, ఆ ఆగే చోటేదో చెప్పు. మెషీన్‌లో ఎక్కించేస్తా. ఇంత పోసి కొన్నాం, పనికి రావాలిగా."

వదిన మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది.

"ఏ పూట ఎక్కడ నాకు ఊపిరి అందదో నాకే తెలీదు. దానికేం చెప్తారు?"

ఏడాదిగా దాచిన మాట అలా ఆమె నోటే బయటపడింది. అన్నయ్య ఆమెని ఎగాదిగా చూశాడు. ఎలా ఉందని అడగలేదు. ఫోన్ తీసి నంబర్లు వెతకసాగాడు. కొత్త గొంతు కోసమేనని మా ఇద్దరికీ అర్థమైంది.

వదిన నావైపు తిరిగింది.

"నీ డ్రమ్స్ ఆ గదిలోంచి తెచ్చేసుకో. ఆ మెషీన్‌కి ఎవరైనా పాడొచ్చు. నాకు ఆగడం తెలిసినవాడు కావాలి."