తాళాలక్క మాట చెల్లదు

వీధంతా ఆమెను తాళాలక్క అంటుంది. తాళంచెవి పోగొట్టుకున్న ప్రతివాడూ తిట్టుకుంటూనో, ఏడుస్తూనో ఆమె కొట్టుకే రావాలి. ఒకప్పుడు మెదడుకు జ్వరమెక్కి కొన్నాళ్లు ఆమె ఎవరినీ గుర్తుపట్టలేదు. సందు దొరికిందే చాలని అన్నయ్య కోర్టుకెళ్లి, చెల్లెలికి మతి లేదని రాయించి, ఆమెకు సంరక్షకుడై కూర్చున్నాడు. జ్వరం తగ్గింది, మతి తిరిగొచ్చింది. కోర్టు కాగితం మాత్రం నయం కాలేదు.

దాంతో ఓటు పోయింది, బ్యాంకు ఖాతా పోయింది. ఆమె ఏం మాట్లాడినా జనం అన్నయ్య మొహం వంకే చూస్తారు. ఇప్పుడు ఆమె కొట్టునే పక్కనున్న చెప్పుల వ్యాపారికి అమ్మేస్తున్నాడా మహానుభావుడు.

ఆమె కోర్టు గుమస్తా దగ్గరికి పరుగెత్తింది.

"నాకు నయమైందండీ. ఆ ఆర్డరు కొట్టేయించాలి."

"అర్జీ పెట్టుకోండి. కింద మీ సంరక్షకుడి సంతకం కావాలి."

"వాడి మీదే కదయ్యా అర్జీ!"

"అయినా అంతే. మీ సంతకం చెల్లదు."

"దొంగ చేతికి తాళాలిచ్చినట్టుంది మీ చట్టం!" అంటూ ఆమె బల్ల చరిచింది.

గుమస్తా తాపీగా కలం తీసి, 'అరుస్తోంది, బల్ల కొడుతోంది' అని ఫైల్లో రాసుకున్నాడు. కోపం అందరికీ వస్తుంది. ఆమెకు వస్తే మాత్రం జబ్బు.

మర్నాడు ఆమె కొట్టు షట్టరుకు స్వయంగా చేసిన తాళం వేసి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. వ్యాపారిని వెంటబెట్టుకుని అన్నయ్య వచ్చాడు.

"తాళం తియ్యి చెల్లీ. నలుగురిలో పరువు తియ్యకు."

"మతి లేనిదాన్ని కదన్నయ్యా, నాకెలా వస్తుంది?"

"వెటకారాలు చాలు. ఇదంతా నీ మంచికే."

"నా మంచికే అయితే అర్జీ మీద సంతకం పెట్టు. ఇప్పుడే తీస్తా."

సంతకం పెడితే బేరం పోతుంది. అన్నయ్య ఊరవతలి వెల్డింగు షాపతన్ని పిలిపించి, "ఆవిడకి మతి సరిగా లేదు, పట్టించుకోకు" అని చెవిలో చెప్పాడు.

ఆ తాళం అంత సులువుగా లొంగలేదు. కట్టరు బ్లేడు ఒకటి విరిగింది, ఇంకొకటి అరిగింది. నిప్పురవ్వలు రాలుతుంటే తాళాలక్క కుర్చీలోంచి కదలకుండా చూస్తూ కూర్చుంది. తోడబుట్టినవాడి మీద ఆమెకంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు. చివరికి తాళం ఊడి కిందపడింది. వెల్డింగతను చెమట తుడుచుకుని, దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అబ్బ, ఏం పనితనం! ఎవరు చేశారండీ ఇది?"

"నేనే చేశాను," అంది తాళాలక్క.

అతను ఆమెను ఎగాదిగా చూసి, అన్నయ్య వైపు తిరిగాడు.

"నిజమేనా సార్?"

అన్నయ్య తల అడ్డంగా ఊపాడు.