కుడిచేతి మర్యాద

సత్యమ్మ సద్ది మూట ఒక కొసను పళ్లతో కరిచిపట్టుకుని, రెండో కొసను ఎడమ చేత్తో లాగి ముడి బిగించింది. కుడి చెయ్యి కొంగు కింద పొట్టకు ఆనుకుని ఉంది. కొంగు అంచు తగిలినా చాలు, మోచేతి నుంచి చిటికెన వేలి దాకా కారం పూసినట్టు మంట. మూడేళ్లుగా ఇంతే.

చూసేవాళ్లకు ఆ చేతికి ఏమీ కాలేదు. యాలాల్ నుంచి తాండూరు పప్పు మిల్లుకు కూలీలను తీసుకుపోతున్న ఆటోను టిప్పర్ గుద్దిన రోజున, సత్యమ్మ పక్కన కూర్చున్న మైసమ్మకు కాలు పోయింది. ఆమెను చూసి జనం అయ్యో అంటారు. సత్యమ్మను చూసి, "చెయ్యి మంచిగనే ఉన్నది గదా" అంటారు. నరం నలిగిందని డాక్టరు రాసిచ్చాడు. నొప్పి ఎంతో రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

భర్త హనుమంతు బండలు కోసే మిషన్ల దుమ్ము మింగి మింగి పోయాక, ఇరవై ఏళ్లు కందిపప్పులో రాళ్లు ఏరి బతికింది. ఇప్పుడు ఎడమ చేత్తో ఏరుతుంది. సగం పని, సగం కూలి.

ఈరోజు వికారాబాద్ కోర్టులో, నష్టపరిహారం కేసులో ఆమె సాక్ష్యం. రైలు దిగి నడిచి వచ్చేసరికి వకీలు ప్రేమ్‌సాగర్ వరండాలో ఎదురొచ్చాడు.

"అడిగినదానికే చెప్పమ్మా. ఫికర్ వెట్టుకోకు."

కోర్టు హాల్లో ఆమెను ప్రశ్నలడిగిన టిప్పర్ ఇన్సూరెన్సు కంపెనీ వకీలు మెత్తటి మనిషి. గొంతు పెంచలేదు.

"ఇప్పుడేం పని చేస్తున్నరమ్మా?"

"పప్పు ఏరుత సారూ." ఏ మిల్లని అడిగితే పేరు కూడా చెప్పింది.

"అంటే, పని నడుస్తనే ఉన్నది."

"నడవకుంటే ఎట్ల బతకాలె సారూ? ఎడమ చేత్తోని ఏరుత. సగం కూలే ఇస్తరు."

"సగమే అని ఏదన్న కాగితం ఉన్నదా?"

లేదు. ఆయన తల ఊపి, ఫైలులోంచి ఆధార్ కార్డు తీసి ముందుకు చాపాడు. "ఇది మీదేనా, చూడండమ్మా."

సత్యమ్మ ఎడమ చెయ్యి ఎత్తింది. ఎదురుగా జడ్జి. ఇస్తున్నవాడు పెద్దమనిషి. సిగ్గేసి ఆ చెయ్యి దించేసింది. కొంగు కింద నుంచి కుడి చేతిని తీసి, ముడుచుకున్న వేళ్లను ఒక్కొక్కటే విప్పి కార్డు అందుకుంది. చెయ్యి నిప్పుల్లో పెట్టినట్టయింది. మొహంలో మాత్రం ఏమీ కనబడనివ్వలేదు.

"నాదే సారూ."

"కుడి చేత్తో అందుకున్నరు. జర నోట్ చేసుకోవాలె, యువరానర్."

మూలన కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయి అది టైపు చేసింది.

బయటికొచ్చాక ప్రేమ్‌సాగర్ తల పట్టుకున్నాడు. "ఎడమ చేత్తో తీసుకుంటే ఏమైతుండెనమ్మా?"

"పెద్దోళ్ల ముందల ఎడమ చెయ్యి ఎట్ల చాపుత సారూ?"

ఆయన ఫైలు మూసి చంకలో పెట్టుకున్నాడు. జూన్‌లో వాయిదా ఉంటుందని చెప్పి ఇంకో కేసుకు వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం ప్యాసింజరుకు తాండూరు చేరింది. సగం రోజైనా కలిసొస్తుందని నేరుగా మిల్లుకు నడిచింది. మేస్త్రి భీమప్ప గేటు దగ్గరే ఆపాడు.

"కోర్టుల మన మిల్లు పేరు చెప్పినవట గదా అక్కా. ఇన్సూరెన్సు వకీలు ఫోన్ చేసిండు, కూలి రిజిస్టర్ తెమ్మంటున్నడు. మన తాన రిజిస్టర్ యాడిది? సేటు మస్తు పరేషాన్ల ఉన్నడు."

"అడిగిండ్రు, చెప్పిన. అబద్ధం ఆడాల్నా?"

"తప్పు నీదని నేనంటలేను." అతను నేల చూశాడు. "ఇగ రాకు అక్కా."

"గీ పూటకన్న కూసుంట తమ్మీ."

భీమప్ప గేటుకు అడ్డంగానే నిలబడ్డాడు.

సత్యమ్మ అతని భుజం మీదుగా షెడ్డులోకి చూసింది. వరుసగా కూర్చున్న ఆడవాళ్లలో ఒక్కరూ తల ఎత్తలేదు. వాళ్ల కూలి కూడా ఏ రిజిస్టర్లోనూ లేనిదే. విప్పని సద్ది మూటతో ఆమె ఆటోల అడ్డా వైపు నడిచింది. ఎవరూ తగలకుండా కుడి చెయ్యి గోడ వైపు పెట్టుకుని, నెమ్మదిగా.

షెడ్డులో ఆమె కూర్చునే చోట గోనెపట్టా ఖాళీగా ఉంది. దాని మీద, కుడి మోచెయ్యి ఆనించుకోవడానికి పాత చీర పీలికలు కుక్కి కుట్టుకున్న చిన్న మెత్త. అంచు పొడుగునా ఎడమ చేత్తో వేసిన వంకర కుట్లు, వాటి మీద సన్నగా రాలుతున్న పప్పు దుమ్ము.