అత్తగారింటి వాక్కాయ అంటు

మా అత్తగారిది హనుమాన్ జంక్షన్ దగ్గర పల్లెటూరు. ఆవిడ పెరట్లో ఒక వాక్కాయ పొద ఉండేది. మామూలు వాక్కాయ కొరికితే పళ్లు పులుస్తాయి. ఆ పొద కాయ ముగ్గితే నల్లగా నిగనిగలాడేది, పులుపు వెనక తీపి తగిలేది. నా భార్య ఆగ్నేసమ్మ ఆ కాయతో వండిన పప్పు తప్ప ఇంకో వాక్కాయ పప్పు ముట్టదు.

అత్తగారు పోయాక ఆ ఇంట్లో మా బావమరిది ఉంటున్నాడు. మొన్న వానాకాలం ముందు కబురు చేశాడు. పాత ఇల్లు పడగొట్టి కొత్తది కడతాడట. వానలు వెనకబట్టగానే జేసీబీ వస్తుంది, పొద పోతుంది, కావలసినవాళ్లు అంట్లు కట్టుకోండి అన్నాడు.

"అమ్మ చెట్టు మన పెరట్లోకి రావాలయ్యా," అంది ఆగ్నేసమ్మ. ఇన్నేళ్ల కాపురంలో ఫలానాది కావాలని అడిగిన మనిషి కాదు.

"వస్తుంది," అన్నాను. ఆ పూటే కంకిపాడులో మా పెరట్లో గొయ్యి తవ్వి పెట్టాను.

వాక్కాయ గింజ వేస్తే అదే రుచి వస్తుందని నమ్మకం లేదు. కొమ్మ తుంచి గుచ్చితే పాలు కారి ఎండుతుంది. నాకు తెలిసింది నేలంటు. కింది కొమ్మ వంచి, బెరడు కాస్త చెక్కి, అక్కడ మట్టిలో పూడ్చి, లేవకుండా ఇటుక పెట్టాలి. వేరు పట్టాక తల్లి నుంచి కోసుకోవాలి. తొలి వాన పడగానే వెళ్లి ఆ పని చేశాను. ముళ్లు గీరిన చేతులు దులుపుకుని తలెత్తితే, పైకొమ్మలకు కవరు మూటలు వేలాడుతున్నాయి.

"ఇవేంటి?"

"గాలంట్లు. అబ్రహాము బావ నిన్నొచ్చి కట్టి వెళ్లాడు," అన్నాడు బావమరిది.

అబ్రహాము నా తోడల్లుడు, ఆగ్నేసమ్మ చెల్లెలు రోజమ్మ భర్త. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో చేసి రిటైరయ్యాడు. మనిషికంటే ముందు మాట వస్తుంది. కొత్తల్లుళ్లుగా పక్కపక్కన కూర్చున్నప్పుడు అత్తగారు అతని విస్తట్లో ఇంకో ముక్క వేస్తే నా విస్తరి వంక చూసుకునేవాణ్ని. ఇప్పుడు పొద ఒకటే, దాని మీద ఇద్దరం.

శ్రావణంలో నలుగురం అక్కడ కలిశాం.

"రా అన్నయ్యా, మావాళ్లని చూడు!" అబ్రహాము ఒక మూట మీద వేలు పెట్టాడు. కవరు లోపల కొబ్బరిపొట్టు. అందులోంచి తెల్లటి వేళ్లు దారాల్లా పాకి పైకే కనబడుతున్నాయి. "నీదెంతవరకొచ్చింది?"

"వస్తుంది."

"మట్టిలో ఉందో లేదో ఎట్టా తెలుస్తుంది? స్కానింగ్ తీయించు!"

రోజమ్మ నవ్వింది. ఆగ్నేసమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వే నాకు గుచ్చుకుంది.

"మా మరిది హస్తవాసి మంచిదే," అంటూ ఆవిడ ఆ మూటను పసిబిడ్డ బుగ్గ తాకినట్టు తాకింది.

అందరూ టీకి లోపలికెళ్లారు. నేను ఇటుక తీసి, వేళ్లతో మట్టి కెలికి చూశాను. బియ్యపు గింజ మొలకంత వేరు కనబడింది. కడుపు చల్లబడింది. మళ్లీ పూడ్చాను.

చల్లదనం ఎన్నాళ్లో నిలవలేదు. ఇంటి దగ్గర కూర్చున్నా ఆ తెల్లటి దారాలే కళ్లలో మెదిలేవి. బస్సెక్కి వెళ్లి మళ్లీ తవ్వి చూశాను. ఆ తర్వాత కూడా చూశాను. చూసిన ప్రతిసారీ మట్టిలో సన్నగా ఏదో ఒకటి పుటుక్కుమనేది.

జేసీబీ వచ్చిన రోజు అబ్రహాము మూడు కొమ్మలు కోసి, ఒకటి ముందుకు చాపాడు. "వదినగారూ, ఇది మీకు."

"మాకొద్దు. మాది ఉంది," అన్నాను.

"ఏదీ?"

ఇటుక తీసి కొమ్మ పైకి లాగాను. చెక్కిన చోట నల్లగా కుళ్లింది. ఒక్క వేరు లేదు.

"తీసుకో అన్నయ్యా. అదే పొదేగా."

"వద్దన్నానుగా."

ఆగ్నేసమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసి పైటలో దాచుకుంది.

ఆ తర్వాత ఆవిడ చర్చిలో ఆదివారం పూజ కాగానే "చెల్లెల్ని చూసొస్తా" అని ఇబ్రహీంపట్నం బయల్దేరడం మొదలుపెట్టింది. ఏ పండక్కో తప్ప వెళ్లని మనిషి. తిరిగొచ్చి చెప్పులు విప్పుతూనే, "మూడూ చిగురేశాయి," అనేది. నేను విననట్టు ఉండేవాణ్ని. కంచంలో టమాటా పప్పు పడేది.

ఒకరోజు పెరడు ఊడుస్తూ, నేను తవ్విన గొయ్యి దగ్గరికొచ్చి, అందులో పడ్డ ఆకులు వంగి ఏరుతోంది.

"పూడ్చెయ్యనా?" అన్నాను.

"నీ ఇష్టం," అంది. ఏరడం మాత్రం ఆపలేదు.

చొక్కా వేసుకుని బయటపడ్డాను.

ఇబ్రహీంపట్నంలో నన్ను గుమ్మంలో చూసి రోజమ్మ కంగారుపడింది. "ఏం బావా, అక్క బాగానే ఉందా?"

ఉందని తలాడించాను. గోడ నీడన మూడు కుండీలు ఉన్నాయి. ఆకులు అరచేతులతో తుడిచినట్టు మెరుస్తున్నాయి. వాటిని చూస్తూ, ఇచ్చిన మంచినీళ్లు తాగకుండానే గ్లాసు కింద పెట్టాను.

"ఒకటియ్యి," అన్నాను.

అబ్రహాము చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. "ఏంటన్నయ్యా? సరిగ్గా వినబడలా."

"ఒకటియ్యమన్నాను."

"ఊరుకోండి, ఆయనతో ఏంటా ఎకసెక్కాలు," అని రోజమ్మ కసిరింది.

అబ్రహాము నవ్వుతూనే కుండీలు అటూ ఇటూ తిప్పి, మూడింట్లో బలమైనది తీసి నా చేతిలో పెట్టాడు. నాసిది ఇచ్చి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

"నీళ్లు నిలవనివ్వకు. ఇంకొక్క మాట, అన్నయ్యా. తవ్వి చూడకు."

ఎప్పుడు చూశాడో నన్ను. కుండీ ఒళ్లో పెట్టుకుని బెజవాడ బస్సెక్కాను. ముళ్లు పంచెకు గుచ్చుకుంటున్నా పక్కన పెట్టలేదు.

ఆగ్నేసమ్మ కుండీ రెండు చేతులా అందుకుంది.

"మరిది ఇచ్చి పంపాడా?"

"అడిగాను."

"నువ్వా?"

గొయ్యిలో పశువుల ఎరువు కలిపాను. నాటింది మాత్రం ఆవిడే.

పక్షం తిరిగేసరికి కొత్త చిగురు కనబడింది. ఆగ్నేసమ్మ పెరట్లోంచే ఫోను కలిపి నా చెవికి ఆనించింది.

"చెప్పన్నయ్యా!" అన్నాడు అబ్రహాము.

"బతికింది."

"బతక్కేం! కట్టిందెవరు మరి!"

ఆగ్నేసమ్మ నా మొహంలోకే చూస్తోంది.

"నేల మాది," అని ఫోను ఆవిడకిచ్చేశాను.