సాక్ష్యంలో రాని బెజవాడ

రెండువేల ఆరులో, చల్లపల్లి చర్చిలో నతానియేలు లేచి సాక్ష్యం చెప్పినప్పుడు అందరికంటే గట్టిగా "స్తోత్రం" అన్నది అతని చెల్లెలు జీవరత్నమే.

"నా గుండెలో రంధ్రం ఉందన్నారు. రక్తపు గడ్డ దాంట్లోంచి మెదడుకి పోతే పక్షవాతమే అన్నారు. ప్రభువు నన్ను ముట్టాడు. రంధ్రం మూసుకుపోయింది!" అన్నాడు. సంఘపెద్ద మాట, పైగా సొంత అన్న. ఇంక అనుమానం ఎక్కడినుంచి వస్తుంది?

ఏడాది తిరక్కుండా ఒక మధ్యాహ్నం జీవరత్నం మూతి వంకరపోయింది. కాసేపటికి సర్దుకుంది. బెజవాడ డాక్టరు ఆమెకూ అదే రంధ్రం ఉందని తేల్చాడు.

"కోత ఉండదమ్మా. గజ్జ దగ్గర్నుంచి సన్నటి గొట్టం పంపి, లోపల చిన్న మూత పెడతాం. పొద్దున్నే వస్తే సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవచ్చు."

భర్త ఏసుపాదం సరేనన్నాడు. జీవరత్నమే ఒప్పుకోలేదు. "అన్నయ్యని ముట్టిన ప్రభువు నన్ను ముట్టడా?" అంది. శుక్రవారాలు ఉపవాసం పట్టింది. నతానియేలు ప్రతి శుక్రవారం వచ్చి ఆమె తలమీద చెయ్యి పెట్టి కళ్ళనీళ్ళతో ప్రార్థన చేసేవాడు. ఆసుపత్రికి కూడా వెళ్ళమ్మా అని ఒక్కసారి అంటే మహానుభావుడి నోటి ముత్యాలు రాలిపోయేవా?

జీవరత్నం జాకెట్లు కుట్టేది. ఒకరోజు గుడ్డ కత్తిరిస్తుంటే కత్తెర జారి కింద పడింది. కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు.

ఈసారి ఏసుపాదం ఎవరి మాటా వినలేదు. కాస్త కోలుకోగానే బెజవాడ తీసుకెళ్ళి మూత పెట్టించాడు. ఇది ఇంకో పక్షవాతం రాకుండా కాస్తుందే తప్ప, పోయిన చెయ్యిని తెచ్చివ్వదని డాక్టరు ముందే చెప్పాడు.

సాయంత్రం డిశ్చార్జి. ఏసుపాదం మందులకి కిందికి వెళ్ళాడు. చెల్లెల్ని తీసుకెళ్ళడానికి నతానియేలు కారు వేసుకుని వచ్చాడు. అతన్ని చూసి నర్సు డయానా నవ్వింది.

"మీరా సార్! మీ మూత ఎలా ఉందండీ? మిమ్మల్ని కూడా ఇలాగే సాయంత్రానికి పంపించేశాం కదా!"

జీవరత్నానికి అన్నయ్య సాక్ష్యానికి కొన్నాళ్ళ ముందటి రోజొకటి గుర్తొచ్చింది. అన్నయ్య పురుగుమందులకని బెజవాడ వెళ్ళి, చీకటి పడకముందే వచ్చి, నడుం పట్టేసిందని కుంటుతూ మంచమెక్కాడు. తనే వెళ్ళి కాపడం పెట్టింది. ఇప్పుడు ఒళ్ళంతా మండిపోయింది ఆమెకి.

నర్సు వెళ్ళాక నతానియేలు గొంతు తగ్గించాడు. "సాక్ష్యంలో డాక్టర్ల సంగతి ఎవరు చెబుతారు చెల్లీ? వాళ్ళ చేతుల్తో ముట్టింది ప్రభువే కదా."

"అది సంఘానికి. మరి నాకు? అన్ని శుక్రవారాలు నా తలమీద చెయ్యి పెట్టావే, చెవిలో ఒక్క మాట చెప్పలేకపోయావా అన్నయ్యా?"

అతను తల దించుకున్నాడు. "నువ్వు బయట అనేస్తావేమోనని భయపడ్డానమ్మా."

చిన్నప్పటినుంచీ అతని తప్పులన్నీ కడుపులో దాచుకున్న మనిషి ఆమె. చెయ్యి పడిపోయిననాడు కూడా ఇంత ఏడవలేదు.

"నేను ఎవరితోనూ అననులే," అంది చివరికి. "వచ్చే ఆదివారం నువ్వే లేచి చెప్పు. నా చెయ్యి ఎందుకు పోయిందో సంఘంలో నువ్వే చెప్పు."

నతానియేలు కారు తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాడు. సరేననలేదు.